పాండవ గుళ్ళలో ఉన్నోళ్ళు మనకేమవుతారు?

చంద్రగిరి శీను
అందరికీ నమస్కారం. మల్లయ్యగారిపల్లె దగ్గిర పాండవ గుళ్ళు మీలో చానామంది చూసే ఉంటారు. చుట్టూ రాతి పలకలు నిలబెట్టి, పైన ఇంకో పెద్ద పలక మూతేసినవి. పాండురాజుల గుళ్ళు అని కూడా అంటారు మా పక్క. అవి గుళ్ళు కావు, ఇనుప యుగం నాటి సమాధులు అని చదువుకున్నోళ్ళు చెప్తారు. నేనడిగేది ఒకటే. వాటిని కట్టినోళ్ళు మనకేమవుతారు? మన తాత ముత్తాతలా, లేకుంటే వాళ్ళు వేరే, మనం వేరేనా?

హర్యానాలో సింధు నాగరికత నాటి ఊరు రాఖీగఢీ ఎముకలోంచి డీఎన్ఏ తీసి అక్కడోళ్ళ పుట్టుపూర్వోత్తరాలు చెప్పినారంట. మన గుట్టల్లో అట్లాంటి పని ఎందుకు జరగలా? వాట్సాప్‌లో ఒక మెసేజీ ఆర్యులు రాలేదని తేలిపోయింది అంటాది, ఇంకొకటి వచ్చినారని తేలిపోయింది అంటాది. రెండూ రాఖీగఢీ పేరే చెప్తాయి. తెలిసినోళ్ళు కొంచెం విడమరిచి చెప్పండి.

రాళ్ళకాలవ
శీనూ, నేను పురావస్తు శాస్త్రం చదివినదాన్ని. డీఎన్ఏ సంగతి ఆ పని చేసేవాళ్ళు చెప్తారు, మట్టి సంగతి నేను చెప్తాను.

ఆ సమాధులు కట్టినవాళ్ళు మన ప్రాంతపు తొలి మనుషులేమీ కారు. రేణిగుంట దగ్గిర రాళ్ళకాలవ పరిసరాల్లో పొడవాటి రాతి బ్లేడులు దొరికాయి. 1960ల్లో ఎం.ఎల్.కె. మూర్తి గారు వాటి మీద పనిచేశాక, ఎగువ పాతరాతి యుగం (పాతరాతి యుగంలో చివరి దశ) గురించి ఎవరు రాసినా రేణిగుంట పేరు తలచుకుంటున్నారు. మన ఊళ్ళో రైలు మారేవాళ్ళలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి? సత్యవేడు దాటి తమిళనాట అడుగుపెడితే అత్తిరంపాక్కం వస్తుంది. శాంతి పప్పు గారి బృందం అక్కడి చేతిగొడ్డళ్ళ వయసు 15 లక్షల ఏళ్ళ దాకా ఉంటుందని 2011లో ప్రకటించింది. అప్పటికి మన జాతి, హోమో సేపియన్స్, ఇంకా పుట్టలేదు. ఇటు నంద్యాల వైపు జ్వాలాపురంలో, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం దాదాపు 74 వేల ఏళ్ళ కిందట చిమ్మిన బూడిద పొరగా పేరుకుని ఉంది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు ఉన్నాయి.

పనిముట్లు ఇన్ని ఉన్నా, అవి చేసిన మనుషుల ఎముకలు మాత్రం లేవు. మనదంతా గ్రానైటు అరిగి ఏర్పడ్డ ఎర్రమట్టి. ఎక్కువచోట్ల ఆ మట్టికి ఆమ్లగుణం ఉంటుంది, ఎముకలోని సున్నపు పదార్థాన్ని కరిగించేస్తుంది. పైన వాన, ఎండ. ఇనుప యుగం సమాధుల్లో ఇంకో చిక్కుంది. చాలాచోట్ల శవాన్ని నేరుగా పూడ్చలేదు. కొన్నాళ్ళు బయట ఉంచి, తర్వాత మిగిలిన ఎముకలు కొన్ని ఏరి కుండలోనో, కాళ్ళున్న మట్టి శవపేటికలోనో పెట్టారు. కాబట్టి మనకు దొరికేది ముక్కలే.

ఆ ముక్కల్ని కూడా ఉంచనివ్వడం లేదు. గుప్తనిధులున్నాయని రాత్రిపూట గడ్డపారలతో వచ్చి పలకలు పడగొట్టేవాళ్ళు ఒక పక్క, క్వారీలు ఒక పక్క. ఆ సమాధుల్లో సాధారణంగా బంగారం ఉండదు. ఎర్ర నలుపు కుండలు, ఇనుప కొడవళ్ళు, కాసిని పూసలు, ఎముకలు, ఉంటే అవే. వాటినే పగలగొట్టి పారేసి పోతున్నారు. తలుచుకుంటే కడుపు మండుతుంది.

పీలేరు పెద్దాయన
అమ్మా, మీరు చెప్పింది బాగుంది. మా అవ్వ అయితే పాండవులు వనవాసంలో ఒక్క రాత్రిలో కట్టినారని చెప్తా ఉండె. ఎముకే లేనప్పుడు డీఎన్ఏ యాడ నుంచి వస్తాది? మరి రాఖీగఢీలో ఎట్ల వచ్చింది?

పోగు
పెద్దాయనా, మాది చిత్తూరే. ఇప్పుడు పాత డీఎన్ఏ మీద పనిచేసే ల్యాబులో ఉన్నాను. రాఖీగఢీలో కూడా సులువుగా రాలేదు. మొత్తం 61 ఎముకల నమూనాలు పరీక్షిస్తే చాలినంత డీఎన్ఏ ఇచ్చింది ఒక్కటే. అది ఒక స్త్రీది. సుమారు నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి మనిషి. ఆమెను పూడ్చినప్పుడు పక్కన పెట్టిన కుండలు ఆమెతోనే ఉన్నాయి.

మనిషి చనిపోగానే కణాల్లోని ఎంజైములే డీఎన్ఏను కోసేయడం మొదలుపెడతాయి. తర్వాత నీరు, వేడి, బాక్టీరియా ఆ పని కొనసాగిస్తాయి. బతికున్న మనిషిలో ఒక్కో క్రోమోజోము కోట్ల అక్షరాల (డీఎన్ఏలోని రసాయన ముక్కలను మేం అలా పిలుస్తాం) పొడవుంటే, పాత ఎముకలో మిగిలేవి ఎక్కువగా 30 నుంచి 70 అక్షరాల తునకలు. తునకల చివర్లలో సీ అనే అక్షరం పాడై, చదివేటప్పుడు టీగా కనిపిస్తుంది. మాకు అదే గుర్తు. తవ్వినవాళ్ళ చెమట, తుంపర నుంచి అంటుకున్న కొత్త డీఎన్ఏలో ఈ మార్పు ఉండదు. చివర్లు పాడైన తునకలు సరిపడా కనిపిస్తే, ఆ ఎముకలో నిజంగానే పాత డీఎన్ఏ మిగిలి ఉందని నమ్ముతాం.

పదేళ్ళ పైచిలుకు కిందట ఇంకొకటి తెలిసింది. లోపలి చెవిని చుట్టి ఉండే ఎముక శరీరంలో అన్నిటికన్నా గట్టిది, డీఎన్ఏను అన్నిటికన్నా ఎక్కువ దాచుకునేదీ అదే. ఇప్పుడు దాదాపు ప్రతి ల్యాబూ ముందు దాన్నే అడుగుతుంది. దాంట్లో కూడా చాలాసార్లు 99 శాతం బాక్టీరియాదే ఉంటుంది. అందుకని మనుషుల మధ్య తేడా చూపే దాదాపు 12 లక్షల స్థానాలను ఎంచుకుని, ఆ స్థానాలున్న తునకలను మాత్రమే పట్టి లాగుతాం. రాఖీగఢీ స్త్రీది అలా బయటపడ్డదే.

జన్యు శాస్త్రవేత్త స్వాంటే పాబోకి 2022లో నోబెల్ వచ్చింది ఈ దారి వేసినందుకే. 2010లో ఆయన బృందం, అంతరించిపోయిన నియాండర్తల్ అనే మానవ జాతి జన్యుక్రమం ప్రకటించింది. సైబీరియాలో డెనిసోవా గుహలో దొరికిన చిటికెన వేలి ఎముక ముక్కలోంచి అంతవరకు ఎవరూ ఎరగని మరో మానవ జాతిని, డెనిసోవన్లను, పట్టుకుంది. ఆ రెండు జాతుల అంశా కొద్దికొద్దిగా మన ఒంట్లో ఉంది.

పుత్తూరు ప్రసాద్
సార్, సూటిగా అడుగుతా. ఆర్యులు వచ్చినారని చెప్పే స్టెప్పీ గడ్డిమైదానాల జనం అంశ ఆ స్త్రీలో లేదని వార్తల్లో వచ్చింది కదా. అంటే బయటినుంచి ఎవరూ రాలేదనే కదా అర్థం?

పోగు
ప్రసాద్ గారూ, ఆ అర్థం రాదు. ఎందుకో చెప్తాను.

2019 సెప్టెంబరులో రెండు పరిశోధనలు ఒకేసారి వచ్చాయి. ఒకటి రాఖీగఢీ స్త్రీ గురించి, రెండోది మధ్య ఆసియా నుంచి పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ దాకా 523 మంది ప్రాచీనుల కొత్త డీఎన్ఏ గురించి. రెంటినీ కలిపి చదవాలి. వాట్సాప్ మెసేజీలు రాసినవాళ్ళు ఒకదాన్నే చదివారు, అదీ సగం.

రాఖీగఢీ స్త్రీలో రెండు అంశలు ఉన్నాయి. పెద్దది ఇరాన్ ప్రాంతపు పాత జనంతో చుట్టరికం ఉన్న అంశ. రెండోది దక్షిణాసియా తొలి వేటగాళ్ళది. వాళ్ళకు ఇప్పుడు దూరపు బంధువులుగా మిగిలింది అండమాన్ ఓంగీలు. ఇరాన్ అంశ అన్నాను కాబట్టి, ఇరాన్ రైతులు వచ్చి మనకు సేద్యం నేర్పారని అనుకోవద్దు. ఆమెలోని ఆ శాఖ ఇరాన్ వైపు వాళ్ళనుంచి విడిపోయింది అక్కడ వ్యవసాయం మొదలుకాక మునుపే. స్టెప్పీ పశుపాలకుల అంశ ఆమెలో లేదు. ఆమె కాలానికి వాళ్ళింకా ఇటు రాలేదు. రెండో పరిశోధన ప్రకారం ఆ అంశ మన ఉపఖండంలోకి దిగింది క్రీ.పూ. 2000, 1500 మధ్య. ఈనాటి భారతీయుల్లో చాలామందిలో అది ఉంది, ఉత్తరాన ఎక్కువ, దక్షిణాన తక్కువ.

వాళ్ళు ఏ భాష మాట్లాడారు, ఏ దేవుణ్ణి కొలిచారు అన్నది ఎముక చెప్పదు. సింధు లిపిని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. రాఖీగఢీ స్త్రీ ద్రావిడ భాష మాట్లాడి ఉండవచ్చని ఊహించేవాళ్ళు ఉన్నారు. ఆ ఊహకు డీఎన్ఏ అడ్డురాదు, రుజువూ ఇవ్వదు.

ఇక శీను గారి ప్రశ్నకు వస్తాను. సింధు నాగరికత చెదిరాక అక్కడివాళ్ళు ఉత్తరాన స్టెప్పీ నుంచి వచ్చినవాళ్ళతో కలిశారు, దక్షిణాన ఇక్కడి వేటగాళ్ళ సంతతితో కలిశారు. ఈ రెండు సమూహాలు మళ్ళీ ఒకదాంతో ఒకటి కలిస్తే మనమయ్యాం. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ కలిసి చేసిన పనిలో తేలింది, ఈ రెండింటిలో ఒక్క వైపు రక్తమే ఉన్న కులం, తెగ ప్రధాన భూభాగంలో దాదాపు లేదని. ఉత్తరపు వైపు వాటా ఎక్కువ సమూహాల్లో 39 నుంచి 71 శాతం మధ్య ఉంది. 2013లో 73 సమూహాల మీద చేసిన పని ఆ కలయిక కాలాన్ని లెక్కకట్టింది. ఇప్పటికి 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ మధ్య అది ముమ్మరంగా జరిగింది, తర్వాత దాదాపు ఆగిపోయింది. ఎవరికి వాళ్ళు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు మీ పాండవ గుళ్ళ కాలం చూడండి. సుమారు మూడు వేల ఏళ్ళు. సరిగ్గా ఆ కలయిక నడుస్తున్న కాలం. కాబట్టి వాళ్ళు మనకు వేరే అయ్యే అవకాశం చాలా తక్కువని నా అంచనా. వాళ్ళ సంతతి నిలిచి ఉంటే అది ఒక కులంలోనో ఒక ఊళ్ళోనో ఉండదు. ఇక్కడి అన్ని ఇళ్ళలోకీ కొంచెం కొంచెంగా చేరి ఉంటుంది. రుజువు కావాలంటే మాత్రం ఇక్కడి ఎముకే కావాలి.

రాళ్ళకాలవ
జ్వాలాపురం సంగతి కూడా చెప్పండి. బూడిద కింద పనిముట్లు చేసినవాళ్ళు మన పూర్వీకులేనా?

పోగు
అయి ఉండకపోవచ్చండీ. 2025లో 2,762 మంది భారతీయుల పూర్తి జన్యుక్రమాలు చదివి ఒక పరిశోధన వచ్చింది. మన వంశంలో ఎక్కువ భాగం సుమారు 50 వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా దాటి వచ్చిన ఒకే పెద్ద వలస నుంచి వచ్చిందని అందులో తేల్చారు. టోబా బూడిద అంతకన్నా పాతది. ఆ పనిముట్లు మనకన్నా ముందు వచ్చి అంతరించిపోయిన సేపియన్స్‌వి కావచ్చు, వేరే మానవ జాతివి కావచ్చు. అదే పరిశోధనలో ఇరాన్ వైపు అంశకు అన్నిటికన్నా దగ్గరగా కనిపించింది తజికిస్తాన్‌లోని సరాజ్మ్ అనే పాత ఊరి జనం.

మత్తు డాక్టరు, తిరుపతి
పోగు గారు పెళ్ళిళ్ళ సంగతి ఎత్తారు కాబట్టి నా వృత్తి నుంచి ఒక మాట. ఇది వినోదం కోసం చదువుకునే చరిత్ర అనుకుంటే పొరపాటు.

ఆపరేషనుకు ముందు గొంతులో గొట్టం వేయడానికి కండరాలు సడలించే మందు ఒకటి ఇస్తాం, సక్సినైల్‌కోలిన్. మామూలుగా కొద్ది నిమిషాల్లో ఒంట్లోని ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది, రోగి మళ్ళీ ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము లేనివాళ్ళలో మందు గంటల తరబడి దిగదు. వెంటిలేటర్ మీద ఉంచి కనిపెట్టుకోవాలి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మన తెలుగు వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్ళకన్నా బాగా ఎక్కువ. అందుకే మేం రోగిని, వాళ్ళ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా అని తప్పకుండా అడుగుతాం.

దీనికీ పాత చరిత్రకూ సంబంధం ఏమిటంటే, 2009 పరిశోధనలోనే వైశ్యుల జన్యువుల్లో కనిపించింది, వంద తరాల కిందట కొద్దిమందితో మొదలై తర్వాత బయటివాళ్ళతో దాదాపు కలవకుండా పెరిగిన సమూహమని. మొదటి కొద్దిమందిలో ఒకరిలో ఉన్న లోపం అందరిలోకీ పాకింది. వైశ్యుల మాట ఎందుకు, 2017లో దక్షిణాసియాలో 263 సమూహాలను చూస్తే 81 సమూహాల్లో ఈ ప్రభావం, దానికి పేరుపడ్డ ఫిన్‌లాండు వాళ్ళకన్నా, అష్కెనాజీ (యూరపు) యూదులకన్నా బలంగా కనిపించింది. మన పక్క మేనరికాలు ఎక్కువ కదా, దానివల్లే అనుకుంటారు. మేనరికం వేరు, ఇది వేరు. దూరపు సంబంధమే చేసుకున్నా, ఇద్దరూ ఒకే చిన్న మూల సమూహం నుంచి వచ్చినవాళ్ళయితే ఒకే లోపం రెండు వైపులనుంచీ బిడ్డకు చేరవచ్చు. పెళ్ళికి ముందు జాతకాలు చూపించే తల్లిదండ్రులు జన్యు సలహాదారు దగ్గరికి కూడా వెళ్తే ఎంత బాగుండునో.

కోవిడ్ సంగతీ చెప్పాలి. జబ్బు ముదిరే ప్రమాదాన్ని పెంచే ఒక డీఎన్ఏ ముక్క మూడో క్రోమోజోము మీద ఉంది. అది నియాండర్తల్ నుంచి వచ్చిందని 2020లో చూపించారు. యూరపులో సుమారు 16 శాతం మందిలో ఉంటే, దక్షిణాసియాలో సగం మందిలో ఉంది. ఆ రోజుల్లో ఐసీయూలో పనిచేసిన నాకు ఆ పరిశోధన చదువుతుంటే చేతులు వణికాయి.

పుత్తూరు ప్రసాద్
డాక్టరు గారూ, ఈ కోణం ఎప్పుడూ వినలేదు. ధన్యవాదాలు. ఉమ్మి పంపిస్తే మన మూలాలు శాతాల్లో చెప్పే కంపెనీలు ఉన్నాయి కదా, వాటిని నమ్మొచ్చా?

పోగు
అవి మీ డీఎన్ఏను ఎక్కువగా ఈనాటి మనుషుల నమూనాలతో పోలుస్తాయి. వాళ్ళ దగ్గర మన ప్రాంతం వాళ్ళ నమూనాలు తక్కువైతే ఫలితమూ అంతంతమాత్రమే. జబ్బుల విషయం దాన్ని చూసి తేల్చుకోవద్దు.

నిర్వాహకుడు
ఏ కులం ముందు వచ్చింది, ఎవరిది అసలు రక్తం అంటూ వచ్చిన కొన్ని వ్యాఖ్యలు తీసేశాను. పైన శాస్త్రం తెలిసినవాళ్ళు ఇంత ఓపికగా రాస్తున్నారు. చదివి మాట్లాడండి.

కాళహస్తి టీచరు
నేను యానాదుల ఇంటి బిడ్డను. మీరందరూ మంచి మనసుతో రాస్తున్నారు, అందుకే ఈ మాట ఇక్కడ చెప్పాలనిపించింది.

తొలి వేటగాళ్ళ అంశ ఎక్కువున్న తెగలని ఇరుళ, పనియ లాంటి వాళ్ళ పేర్లు పరిశోధనల్లో వస్తాయి. మా వాళ్ళ దగ్గరికీ వచ్చారు. నా చిన్నప్పుడు మా సంగం దగ్గర కుర్చీలు వేసి రక్తం తీసుకున్నారు. ఎందుకని అడిగితే ఆరోగ్యం కోసమన్నారు. మా అమ్మ వేలిముద్ర వేసింది. తర్వాత ఎవరూ వచ్చి ఏం తేలిందో చెప్పలేదు. మా అమ్మకు ఆ ఫలితం తెలిసే హక్కు లేదా?

అమెరికాలో హవసుపాయి అనే తెగ చక్కెర జబ్బు పరీక్షలకని రక్తం ఇస్తే, అదే రక్తాన్ని వాళ్ళ వలసల చరిత్ర పరిశోధనకూ వాడారు. వాళ్ళు కోర్టుకెక్కారు. 2010లో విశ్వవిద్యాలయం పరిహారమిచ్చి, మిగిలిన నమూనాలు తిరిగి ఇచ్చేసింది. దక్షిణాఫ్రికాలో సాన్ తెగవాళ్ళు 2017లో తమ మీద పరిశోధన చేసేవాళ్ళకు తామే నియమావళి రాసుకున్నారు. మా వాళ్ళు కూడా అలా రాసుకునే రోజు రావాలి. ఈ నేల మీద అందరికన్నా ముందునుంచీ ఉన్నవాళ్ళని మమ్మల్ని పొగడటం ఒక్కటే చాలదు. ఇల్లు, పట్టా, పిల్లల చదువు అడిగితే ఆ పొగిడినవాళ్ళు కనపడరు.

పోగు
అక్కా, మీరన్న ప్రతి మాటా నిజం. సంతకం తీసుకోవడంతో పని అయిపోయిందనుకునే పద్ధతి మారాలి. ఫలితం వాళ్ళ భాషలో, వాళ్ళ ఊళ్ళోకే వెళ్ళి చెప్పాలి. మా దగ్గర దీని గురించి వాదించేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మీరు రాసింది వాళ్ళకు చూపిస్తాను.

చంద్రగిరి శీను
టీచరక్కా, మీరు చెప్పకపోతే ఈ సంగతి మాకెవరికీ తట్టేది కాదు.

మదనపల్లె మల్లిక
రూప్‌కుండ్ గురించి ఎవరూ చెప్పలేదే? ఉత్తరాఖండ్‌లో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ సరస్సులో వందల అస్థిపంజరాలు ఉన్నాయి. ఏదో రాజుగారి పరివారం ఒకే వడగళ్ళ వానకు చచ్చిపోయిందని కథ. 2019లో 38 మంది డీఎన్ఏ చదివితే కథ మారిపోయింది. 23 మంది భారతీయులు, క్రీ.శ. 800 ప్రాంతం వాళ్ళు, అదీ ఒక్కసారిగా పోయినవాళ్ళు కారు. 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతం వాళ్ళు, అదీ 1800 ప్రాంతంలో! ఒకరు ఆగ్నేయాసియా మనిషి. ఆ 23 మందీ ఒక కుటుంబం కాదు, ఒక ప్రాంతమూ కాదు. మన అలిపిరి మెట్ల మీద ఏ పూటైనా నిలబడి చూస్తే కనపడే జనం లాంటివాళ్ళే. అది నందాదేవి యాత్ర దారి కాబట్టి యాత్రికులై ఉంటారని ఊహ. మధ్యధరా వాళ్ళు అంత ఎత్తుకు ఎందుకెక్కారో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు.

పీలేరు పెద్దాయన
అది మంచు కొండ తల్లీ. మన ఎండకు ఏం మిగులుతాది?

పోగు
మన ఎండలోనూ ఆశ ఉంది పెద్దాయనా. ఇండోనేషియాలో సులవేసి దీవి మనకన్నా తడి, వేడి. అక్కడ లియాంగ్ పన్నింగే గుహలో 7,200 ఏళ్ళ కిందటి ఒక పడుచు పిల్ల చెవి ఎముకలోంచి డీఎన్ఏ వచ్చింది, 2021లో ప్రకటించారు. ఆఫ్రికాలో కామెరూన్‌లోని షుమ్ లాకాలో 8 వేల ఏళ్ళ కిందటి పిల్లల నుంచి కూడా వచ్చింది. ఎముకే అక్కర్లేకుండా గుహలోని మట్టినుంచి నియాండర్తల్, డెనిసోవన్ డీఎన్ఏ తీయవచ్చని 2017లో చూపించారు, చల్లని గుహల్లో అనుకోండి.

రాళ్ళకాలవ
అయితే కర్నూలు, నంద్యాల వైపు సున్నపురాతి గుహలు ఉన్నాయిగా! బిల్లసర్గం గుహల్లో 1880ల్లోనే రాబర్ట్ బ్రూస్ ఫూట్ తన కొడుకుతో తవ్వించారు. ముచ్చట్ల చింతమాను గవిలో మూర్తి గారికి ఎముకతో చేసిన పనిముట్లు దొరికాయి. సున్నపురాయి ఎముకను కాపాడుతుంది. మన ఎర్రమట్టికన్నా ముందు ఆ గుహల్లో వెతకాలి. తెలుగు నేల మీద మొదటి పాత డీఎన్ఏ అక్కడే దొరుకుతుందని నాకు గట్టి నమ్మకం.

పలమనేరు రైతు
ఈ చర్చ మొత్తం చదివినా. మా చేనికాడ కుంట తవ్వేటప్పుడు జేసీబీకి పెద్ద కుండలు తగిలినాయి. లోపల నల్లగా, బయట ఎర్రగా ఉండాయి. ఒకదాంట్లో ఎముకలున్నాయి, పుర్రె ముక్క మాదిరి కూడా ఉంది. పని ఆపించినా. కడిగి పెట్టమంటారా? గవర్నమెంటోళ్ళకి చెప్తే చేను లాక్కుంటారని మావోళ్ళు భయపడతా ఉండారు.

రాళ్ళకాలవ
అన్నా, దయచేసి కడగొద్దు! ఉన్నది ఉన్నట్టే వదిలేసి, మీద పొడిమట్టి కప్పి, నీడగా తాటాకులో టార్పాలినో వేయండి. బయటికి తీసేసినవి ఉంటే చేత్తో ముట్టుకోకండి, ప్లాస్టిక్ కవర్లో మూట కట్టొద్దు, బూజు పడుతుంది. పొడి కాగితం సంచిలో నీడపట్టున పెట్టండి. పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి, ఎంత లోతులో తగిలిందో రాసిపెట్టుకోండి. కుండలు దొరికినంత మాత్రాన చేను పోదు. తహసీల్దారుకు రాతపూర్వకంగా చెప్పి రసీదు తీసుకోండి, పురావస్తు శాఖకు వాళ్ళే కబురు పెడతారు.

పోగు
ఆ పుర్రె ముక్కలో చెవి దగ్గరి భాగం ఉందో లేదో ఫోటోలో చూస్తే చెప్పగలను. ఊపిరి తగలకుండా మూతికి గుడ్డ కట్టుకుని, దూరం నుంచే తీయండి.

పలమనేరు రైతు
సరే సార్. పొద్దున్నే వెలుతురులో తీసి పెడతా. జేసీబీని ఇంటికి పంపించేసినా.

చంద్రగిరి శీను
అన్నా, తహసీల్దారు ఆఫీసుకు పోయేటప్పుడు చెప్పు, నేనూ వస్తా. అర్జీ నేను రాస్తా.